రాకెట్ పెద్దాయనకి వచ్చిన ఒక్క మాట

ఈ అవ్వ చెప్పేది చెప్పినట్టే రాయవే గుంటా. "పాపం ముసలాయన" లాంటి జాలి మాటలు నీ అంతట నువ్వు కలపకు.

మీ బడిలో సైన్సు గదికి ఆయన పేరు పెడతామన్నారు కదా. దేశంలో రాకెట్లు కట్టడం మొదలైన రోజుల్లో, వాటికి కావలసిన కాకిబంగారం, మీ పుస్తకాల్లో అభ్రకం అంటారే అది, మన కొండ తవ్వి పంపిన షావుకారు ఆయన. పేపర్లో రాకెట్ పెద్దాయన అని వేస్తారు. ఆయనకి దండ నీ చేత వేయిస్తామంటే నువ్వు ఎగురుకుంటూ ఇంటికొచ్చావు. నువ్వు చదువుకునే గది మీద ఆ పేరు పడనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను.

ఎందుకో విను. కరువొచ్చిన ఏడు మా అయ్య ఆయన దగ్గర గంపెడు ధాన్యం అప్పు తెచ్చాడు. ఆ గింజలకి మా ఇల్లంతా గోతి అయిపోయింది. గోతి అంటే, తిన్నది తీరేదాకా వాళ్ళకి ఊరికే పని చెయ్యాలి. ఎప్పుడు తీరిందో చెప్పేదీ వాళ్ళే. అక్కా నేనూ గనిలోకి దిగేవాళ్ళం. కాకిబంగారాన్ని రేకు రేకుగా విడదీయడానికి చిన్న వేళ్ళు కావాలట. తెల్లారకముందే ఆయన వచ్చి మా పాక తలుపు బూటుకాలితో తన్ని, మనం ఇంట్లో మాట్లాడే ఒరియాలో "ఉట్" అనేవాడు. లెగు అని. మన భాషలో ఆయన నేర్చుకున్నది ఆ ఒక్క మాటే.

ఒకనాడు అక్కకి ఒళ్ళు కాలిపోతోంది. అయినా "ఉట్" అన్నాడు, లేచింది. గని గోడ విరిగిపడినప్పుడు మేమంతా పరిగెత్తాం. అది పరిగెత్తలేకపోయింది. మట్టి తియ్యడానికి మనుషుల్ని పంపలేదు, మమ్మల్నీ తియ్యనివ్వలేదు. ఆ పక్కనే ఇంకో గొయ్యి తవ్వించాడు.

ఇక సభ సంగతి. గనిలో చేసిన ముసలమ్మలం అందరం ముందు వరసలో నేల మీద కూర్చున్నాం. తెర మీద రాకెట్ ఎగిరింది, మీరు చప్పట్లు కొట్టారు. ఆయన మైకు దగ్గరికొచ్చి, "వీళ్ళంతా నాకు సాయం చేసినవాళ్ళు. నాకు వీళ్ళ భాష కూడా వచ్చు" అని నవ్వి, మా వైపు చెయ్యి ఊపి, "ఉట్" అన్నాడు. మాకు కూడా చప్పట్లు కొట్టిద్దామనట.

లేచాం గుంటా. మోకాళ్ళు పట్టేసి కర్ర లేనిదే కదలని మన ఎదురింటామె కూడా లేచి నిలబడింది. లేచాక ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"మనకి సిగ్గు నేదేటే?" అందామె.

"లెగడం లెగిసీసాం. మరి కూకోవద్దు," అన్నాను.

ఆయన కుర్చీలోకి వెళ్ళేసరికి నేను స్టేజీ ఎక్కాను. మీ మాస్టారు అడ్డం వస్తే, "సాయం సేసినోలం గదా బాబూ, ఓ మాట సెప్పనీ," అన్నాను. మైకు పట్టుకుని ఆయన వైపు తిరిగి, "ఉట్" అన్నాను.

ఆయన కర్ర కోసం తడుముకున్నాడు. "ఏం కావాలమ్మా?"

"మా అక్క ఏటయిందో ఈల్లకి సెప్పు."

"ఎప్పటి సంగతమ్మా అది. గుర్తు లేదు."

"గోడ ఇరిగి పడితే మట్టి తియ్యనియ్యనేదు నువ్వు."

"అదంతా దేశం కోసం కదమ్మా."

"మా తలుపు దేశం తన్నిందేటి? నువ్వు గదా తన్నావు."

మీ టీచరమ్మ నీ వీపు మీద చెయ్యి వేసి, దండ వెయ్యమని ముందుకు తోసింది. నువ్వు ఆ దండ బల్ల మీద పెట్టేసి వచ్చి నా పక్కన నిలబడ్డావు. నేను చెప్పలేదు నీకు, అది కూడా రాసుకో. ముసలమ్మలు పోయి, సైన్సు గది గోడకి బిగించి గుడ్డ కప్పిన ఆయన పేరు పలకకి అడ్డంగా నిలబడ్డారు. ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి ఆయన్ని కారెక్కించి తీసుకుపోయారు. గుడ్డ అలాగే ఉంది. సంతకి వెళ్ళేటప్పుడల్లా అటు తిరిగి దాన్ని చూసిగానీ పోను.

మొన్న మాస్టారు ఇంటికొచ్చి, "ఆయన మంచం పట్టాడు అవ్వా. ఇంక లేవడట. ఇప్పుడైనా ఆ గుడ్డ తియ్యనివ్వు," అన్నాడు.

"లెగడా? అయితే తెల్లారకముందు ఎవులేనా ఎల్లి, తలుపు తన్నీసి, ఆ మాట సెప్పండి," అన్నాను.

ఏం ఆగిపోయావు? రాయి.