పాక స్తంభం మీద నాలుగంకెలు

మా ఇంటి ముందు ఒక అంబులెన్సు, దాని వెనక పోలీసు జీపు, ఆ రెండిటి వెనక ఊళ్ళో సగం మంది వచ్చి ఆగిన రోజు ఒకటుంది. దొంగతనం జరగలేదు. కొట్లాటా జరగలేదు. నేను ఫోన్లో కాస్త మంచి తెలుగు మాట్లాడాను, అంతే. ఆ ముచ్చట చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరివాళ్ళు మూడేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

మాది ముప్పాళ్ళ దగ్గర పల్లెటూరు. నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. అప్పట్లో నాకు మాటల పిచ్చి. చెమట పట్టిందనేవాణ్ణి కాదు, స్వేదం అనేవాణ్ణి. కూరలో ఉప్పు తగ్గితే 'లవణం లోపించింది' అనేవాణ్ణి. "అదిగో ఆ డబ్బాలో ఉంది లవణం, ఏసుకోండి," అనేది మా ఆవిడ అనసూయ.

అనసూయకు ఉన్నది ఇంకో పిచ్చి. సర్కారు ఊరికే ఇచ్చేది ఏదైనా సరే, ఎక్కడిస్తారో, ఎప్పుడిస్తారో ఆమెకు తెలుసు. పొలం మట్టి పరీక్ష చేయించి చీటీ తెచ్చేది. నా బీపీ మాత్రలు ఆరోగ్య కేంద్రం నుంచి తెచ్చేది. గేదెకు నట్టల మందు పశువుల ఆస్పత్రిలో తాగించేది. నేను మాత్రం ఫీజు తీసుకోని డాక్టరు మాట చెవిన పెట్టేవాణ్ణి కాదు. ఆమె తెచ్చిన మాత్రలు పక్కన పెట్టి, అవే మాత్రలు నరసరావుపేటలో కొనుక్కొచ్చేవాణ్ణి.

"ఊరికే వచ్చేదాని నాణ్యత ఎంతని?" అనేవాణ్ణి.

"ఊరికే ఏందండీ? అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టట్లా మనం? ముందే కట్టిందాన్ని ఒదులుకునేది మీరేగా!"

నేను పుస్తకం తెరిచేవాణ్ణి.

అనసూయ పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. ఆమె పోయాక ఆమె గేదె నాకు మిగిలింది. నరసరావుపేట సంతలో ఇష్టపడి కొని తెచ్చుకుని, రాజ్యలక్ష్మి అని పేరు పెట్టుకున్న గేదె. పాలు తియ్యడం నాకు రాదు. పక్కింటి నాగేంద్రమ్మక్క రెండు పూటలా వచ్చి తీసేది. నేను గడ్డి వేసి, ఎదురుగా స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఇంట్లో అనసూయను ఎరిగిన ప్రాణి అదొక్కటే. అందుకని దానికి ఏమన్నా అవుతుందేమోనని ఎప్పుడూ బెంగగా ఉండేది.

పాకలో ఒక సిమెంటు స్తంభం ఉంది. దాని మీద అనసూయ నీలం రంగుతో రాసిన నాలుగంకెలు ఉన్నాయి. తలుపులకు వేయగా మిగిలిన రంగు అది. చూడగానే పోయిన శతాబ్దంలో ఏదో సంవత్సరం అనిపిస్తుంది. రాసిన రోజున, "ఏమిటది?" అని అడిగాను. "అవసరానికి పనికొస్తది, ఉండనీయండి," అంది. చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే నేను తేల్చేశాను, అది మా నాన్న ఆ పాక కట్టిన సంవత్సరమని. చుట్టాలొస్తే చూపించేవాణ్ణి కూడా. లెక్క కడితే ఆ ఏటికి మా నాన్నకు పన్నెండేళ్ళు. ఆ లెక్క నేనెన్నడూ కట్టలేదు. అనసూయ పోయాక ఇంటికి పిడుగురాళ్ళ సున్నం వేయించినప్పుడు, ఆ అంకెల మీద మాత్రం బ్రష్షు పడకుండా పక్కనే నిలబడి కాపలా కాశాను. ఆమె చేతిరాత కదా.

ఇక అసలు రోజు. ఆదివారం పొద్దున రాజ్యలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. తొమ్మిదైంది, పదైంది, దూడ బయటికి రాదు. గేదె లేస్తుంది, పడుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. నాగేంద్రమ్మక్క దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి, మొహం మాడ్చుకుంది.

"ఈనలేకపోతంది తమ్ముడూ. దూడ అడ్డం తిరిగినట్టుంది."

"ఆ మాట అనకక్కా."

"ఏ మాట?"

"ఈనడం. మోటుగా ఉంది. ప్రసవం అను."

ఆమె నన్నొక చూపు చూసింది. ఆ చూపుకు ఇప్పటికీ నా దగ్గర సమాసం లేదు. "దాని పానం పోతా ఉంటే నీకు మాటలు కావాల్సొచ్చినయ్యా? డాక్టర్ని పిలువు పో."

పేటలో ఫీజు తీసుకునే పశువుల డాక్టరు ఒకాయనకు ఫోన్ చేశాను. ఆయన అమరావతిలో పెళ్ళిలో ఉన్నాడు. ఆ తర్వాత సన్నాయి వినపడింది, ఆయన మాట వినపడలేదు. డాబా దిగి పాకలోకి పరిగెత్తాను.

"అక్కా, ఎట్లా ఇప్పుడు?"

"అనసూయ పిలిచేదిగా ఒక బండిని! డాక్టరుతో సహా ఇంటికే వస్తది. ఊరికే. దానికి ఫోన్ చెయ్యి."

"నంబరు?"

"నాకేం తెలుసయ్యా? ఫోన్ చేసేది ఆమేగా!"

ఊరికే ఇంటికొచ్చే బండి నాకు తెలిసినంతలో లోకంలో ఒక్కటే. దాని నంబరు మూడంకెలు, ఎవర్ని లేపి అడిగినా చెబుతారు. సర్కారు బండ్లన్నిటికీ నంబరు ఒకటే అయి ఉంటుందనుకున్నాను. మా ఇంట్లో నా ఫోనుకు సిగ్నల్ డాబా మీదే దొరుకుతుంది. మళ్ళీ పైకి పరిగెత్తాను. నాగేంద్రమ్మక్క కింద పాకలోనే ఉండిపోయింది. ఆమె పక్కనుండి ఉంటే ఈ కథ లేదు.

"నమస్తే సార్, చెప్పండి, ఏంటి ఎమర్జెన్సీ?" అంది ఒక అమ్మాయి.

"ప్రసవ వేదన అమ్మా. ఉదయం నుంచీ పడుతోంది."

"పేషెంటు పేరు?"

"రాజ్యలక్ష్మి."

"వయసెంత సార్?"

"నాకు తెలియదమ్మా. పళ్ళు చూసి చెప్పొచ్చంటారు. నాకు చూడ్డం రాదు."

"ఆమె మీకేమవుతారు?"

ఈ ప్రశ్న నన్ను కదిలించింది. గేదెను ఆమె అంటోంది! పైగా 'అవుతారు' అని కూడా! సర్కారు ఉద్యోగుల్లో ఇంత సంస్కారం ఉందని నాకు తెలియదు. కళ్ళు చెమ్మగిల్లాయి. "నాకేమవుతుందో ఎలా చెప్పను తల్లీ? మా ఆవిడ సంతలో ఇష్టపడి కొనుక్కుంది. మా ఆవిడ పోయింది. ఇప్పుడు నాకు ఇదొక్కటే దిక్కు."

"కొ... కొన్నారా సార్?"

"ఆ. బాగా బేరమాడి."

"కాన్పు ఎన్నోది?" ఇప్పుడా అమ్మాయి గొంతు కొంచెం మారింది.

"నాలుగోది."

"ముందు పిల్లలు?"

"మొదటిది దక్కలేదు. తర్వాత ఇద్దర్నీ అమ్మేశాం."

"అమ్మేశారా!"

"ఇంట్లో అంతమందిని సాకడం కష్టం కదమ్మా."

"ఇప్పుడు ఆమె ఎక్కడున్నారు సార్?"

"పాకలో. కట్టేశాం."

"కట్టేశారా!"

"వదిలిపెడితే పొడుస్తుందమ్మా. నొప్పుల్లో ఉంది కదా."

ఆ అమ్మాయి పక్కన ఎవరితోనో గబగబా ఏదో చెప్పింది. తర్వాత ఒక్కో మాటా తూచినట్టు, "సార్, అడ్రస్ చెప్పండి. బండి వస్తోంది. వచ్చేదాకా మీరు ఆమె దగ్గరికి వెళ్ళొద్దు. దూరంగా ఉండండి," అంది.

నన్ను పొడుస్తుందేమోనని ఆ తల్లికి ఎంత జాగ్రత్త! అనసూయా, నువ్వు చెబితే విన్నాను కాదు అనుకుంటూ కళ్ళు తుడుచుకుని దిగాను.

ఇరవై నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. దాని వెనక పోలీసు జీపు వచ్చింది. గేదెకు బందోబస్తు కూడానా అని ఒక్క క్షణం గర్వపడ్డానంటే నమ్మండి.

జీపులోంచి ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ దిగింది. "ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనేనండీ. చాలా కృతజ్ఞుణ్ణి."

"కృతజ్ఞత తర్వాత చెబుదువు గానీ, యాడుంది ఆమె?"

"పాకలో."

"చదువుకున్నోడిలా ఉన్నావు, సిగ్గు లేదా?" అంటూ ఆమె పాకలోకి దూసుకెళ్ళింది. స్ట్రెచరు పట్టుకుని అంబులెన్సు టెక్నీషియన్, అతని వెనక డ్రైవరు. పాక లోపల చీకటిగా ఉంటుంది. ఎండలోంచి వచ్చిన వాళ్ళకు ముందు కనపడింది గేదె కాదు. గడ్డిలో కూలబడి, చెమటలు కక్కుతూ, "అమ్మా, తల్లీ" అని గేదెను బుజ్జగిస్తున్న నాగేంద్రమ్మక్క. పక్కనే పలుపుతాడు.

"అమ్మా, భయపడకండి, మేం వచ్చేశాం," అని టెక్నీషియన్ ఆమె భుజాలు పట్టుకున్నాడు. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాడు.

"ఒరేయ్! వదలండ్రా! ఏందిరా మీకు!"

"నొప్పులున్నప్పుడు అట్టా గింజుకోకూడదు రాజ్యలక్ష్మిగారూ!"

"నేను రాజ్యలక్ష్మినేందిరా! అరవై దాటినయ్ నాకు! నాకు కాన్పేందిరా నీ మొహం మండ!"

అప్పటికే ఆమె సగం స్ట్రెచరు మీద ఉంది. "మరి రాజ్యలక్ష్మి ఎవరు?" అని అరిచింది కానిస్టేబుల్.

తన పేరు విన్న గేదె అంబా అంది.

పాక గుమ్మంలో జనం. ఒకరొకరుగా అందరూ గేదె వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. ఇంటర్ పిల్లల జవాబు పత్రాలు పాతికేళ్ళుగా దిద్దుతున్నాను గానీ, అంత పెద్ద సున్నా నేను ఎవరికీ వెయ్యలేదు.

"గేదెనా?" అంది కానిస్టేబుల్.

"గేదేనండీ."

"ఆ మాట ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదా?"

ఎవరో నవ్వారు. టెక్నీషియన్ నవ్వలేదు. స్ట్రెచరు మడుస్తూ, "సార్, ఇప్పుడు నిజంగా ఎవరన్నా ఆడకూతురు నొప్పులు పడుతూ మా కోసం చూస్తా ఉంటే?" అన్నాడు మెల్లిగా. ఆ రోజు విన్న తిట్లన్నిటిలోకి నాకు తగిలింది ఆ మాటే. దణ్ణం పెట్టాను. నోట మాట రాలేదు, చిన్నదీ రాలేదు, పెద్దదీ రాలేదు.

అతను బయటికి వెళ్ళబోతూ స్తంభం దగ్గర ఆగాడు. "అదేంది సార్, ఇంత లావున రాసి పెట్టుకుని మాకు చేశారేంది?"

"అది... మా నాన్న పాక కట్టిన సంవత్సరం."

"సంవత్సరమా? పశువుల అంబులెన్సు నంబరు సార్ అది!"

జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నేను ఆ నవ్వు వినలేదు. స్తంభం వైపే చూస్తున్నాను.

"చెయ్యండి సార్, టైం పోతంది," అని అతనే నా చేతికి తన ఫోన్ ఇచ్చాడు. నాలుగంకెలు నొక్కాను.

"పశువు పేరు చెప్పండి సార్," అన్నారెవరో.

"గేదె."

"గేదె సరే సార్, పేరు?"

"గేదె అండీ. నల్లది. నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు. ఈనలేకపోతోంది. మనుషులెవ్వరూ ఈనడం లేదండీ ఇక్కడ!"

అరగంటలో ఇంకో బండి వచ్చింది. చిన్న వయసు డాక్టరమ్మ దిగింది. మోచేతి పైదాకా గ్లవుజు తొడుక్కుని గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. దూడ ముందుకాలు ఒకటి లోపలే మడత పడిందని చెప్పింది. గేదె తల నేను పట్టుకున్నాను. దాని ఊపిరి నా చొక్కాను తడిపేసింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వెళ్ళిపోకుండా ఉండిపోయిన కానిస్టేబుల్ కూడా చివర్లో వచ్చి, తాడు పట్టి లాగింది. దూడ జారి గడ్డిలో పడింది. కదల్లేదు. డాక్టరమ్మ దాని ముక్కు తుడిచి, గడ్డిపరకతో గిలిగింత పెట్టింది. దూడ తుమ్మింది.

"పెయ్యదూడ," అంది నాగేంద్రమ్మక్క. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను పర్సు తీశాను. "వద్దు సార్, ఊరికేనండీ. ఇక్కడ ఒక సంతకం చెయ్యండి. ఏం జరిగిందో ఒక ముక్క రాయండి," అని డాక్టరమ్మ పుస్తకం చాపింది. 'గేదె ఈనింది' అని రాశాను. జీవితంలో ఆ మాట రాయడం అదే మొదలు. ఇప్పటిదాకా రాసినవాటిలో నాకు నచ్చిన వాక్యం కూడా అదే.

అందరూ వెళ్ళాక స్తంభం ముందు నిలబడ్డాను. అంకెలు సరిగ్గా నా కళ్ళ ఎత్తున ఉన్నాయి. అనసూయ నా భుజానికి కూడా రాదు.

"అక్కా, ఇంత ఎత్తున ఎట్లా రాసింది?"

"ఎట్టా ఏంది, పాలు తీసే స్టూలెక్కి. కింద రాసుకోవే పడతావు అంటే విన్లా. నాక్కాదు వదినా, నేను లేనప్పుడు ఆయన కళ్ళ ముందుండాలి అంది."

నేను మళ్ళీ దూడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

మర్నాడు కాలేజీలో స్టాఫ్ రూములో ఉండగా ఫోన్ మోగింది. "సార్, అంబులెన్సు ఆఫీసు నుంచి. నిన్న కాల్ చేశారు కదా. పేషెంటు రాజ్యలక్ష్మిగారు ఎలా ఉన్నారు?" ఇంకో అమ్మాయి. పాపం, ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

తల్లీబిడ్డా క్షేమం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పాక స్తంభం సాక్షిగా, నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక ఎన్నటికీ గేదెను గేదె అనే అంటాను. ఉప్పును ఉప్పనే అంటాను. గోడ మీద అంకెలు కనపడితే చరిత్ర రాసేముందు ఒకసారి ఫోన్ చేసి చూస్తాను. బీపీ మాత్రలు ఆరోగ్య కేంద్రంలోనే తెచ్చుకుంటున్నాను, అదీ చెప్పాలి.

పెయ్యకు మాత్రం పేరు పెట్టలేదు. ఫోన్లో అడిగితే చెప్పాల్సి వస్తుందని భయం.