చంద్రమండలానికి రబ్బరు తుపాకులు

చెరకు తోటల మన దీవికి ఇంకా స్వాతంత్ర్యం రాని, సొంత జెండా లేని ఆ రోజుల్లో, పంతొమ్మిదేళ్ల వయసులో, నాకు చేతకాని పనంటూ భూమ్మీద లేదని గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు పచ్చడి సీసా మూత తీయాలన్నా మనవరాలిని పిలుస్తున్నాను, అది వేరే సంగతి.) మా ఊరు నువెల్ ఫ్రాన్స్ నుంచి రోజూ బస్సెక్కి రోజ్ హిల్ వెళ్లి, కట్టుడు పళ్లు తయారుచేసే ఒకాయన దగ్గర పనిచేసేదాన్ని. ఆయన్ని అందరూ మిసియే, అంటే అయ్యగారూ, అనేవాళ్లు. మేం సున్నం అనే ప్లాస్టర్ ముద్దలో దవడల అచ్చులు తీయడం నా పని. రెండేళ్లలో ఊళ్లో సగంమంది పెద్దల నోళ్లు నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ ఏడాది మా పక్క ఊరు రోజ్ బెల్‌లో మా తెలుగు బడి మాస్టారు చంద్రమండలం మీద ఒక నాటకం రాశారు. మనుషులు రాకెట్టులో చంద్రుడి మీద దిగుతారు, అక్కడి రాజు మెరుపు తుపాకులతో అడ్డుపడతాడు, చివరికి యుద్ధం వద్దంటూ తుపాకీ విసిరేసి ప్రాణం విడుస్తాడు. మహా విషాదం. చదివి వినిపిస్తూ మాస్టారే కళ్లు తుడుచుకున్నారు. రాజు వేషం మా బావది. బావ లారీలకు చెరకు మోపులెత్తే మనిషి, ఏ పనీ మెల్లగా చేయలేడు. మా అన్న పనస చెక్కతో రెక్కలూ గుండ్రటి మూతీ పెట్టి ముచ్చటగా చెక్కిన తుపాకీ మీద రిహార్సల్ మొదటి రోజే పడి రెండు ముక్కలు చేశాడు. అతికించి ఇస్తే మూడు చేశాడు. నాటకం ఇంక పది రోజుల్లో ఉంది.

"రబ్బరుతో పోత పోద్దాం," అన్నాను.

"రబ్బరు ఫిజీయా?" అని నవ్వాడు బావ. (తుపాకీని మేమంతా క్రియోల్ మాటతో ఫిజీ అనేవాళ్లం.) "అది పేల్తాదా, సాగుతాదా?"

"నువ్వు పడినా విరగదు బావా. అది చాలు."

చెప్పుల దుకాణంలో జిగురుకి వాడే రబ్బరు పాలు ఒక డబ్బాడు తెచ్చాను. ముక్కు పగిలే ఆ వాసనకి బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. రాజభోగంగా ప్రయాణం చేశాను. అతికించిన చెక్క తుపాకీ చుట్టూ సున్నం పోశాను కానీ, ఆత్రంలో అంటుకోకుండా దానికి సబ్బు రాయడం మరిచిపోయాను. చెక్కా సున్నం కరుచుకుని ఊడి రాలేదు. ఉలితో కొట్టి బయటికి తీసి, మళ్లీ అతికించి, ఈసారి దాని ఒళ్లంతా సబ్బు పట్టించాను. అచ్చు రెండు సగాలుగా చక్కగా విడింది. ఆ సగాల్ని మళ్లీ కలిపి కట్టి, అందులో రబ్బరు పాలు పోసి, పూత గట్టిపడ్డాక మిగిలింది ఒంపేశాను. త్వరగా ఆరుతుందని, మిసియేకి చెప్పకుండా, పళ్ల సెట్లు ఆరబెట్టే వెచ్చటి అలమరలో పెట్టాను.

మర్నాడు పళ్లకోసం ఒక పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. మిసియే అలమర తెరిచి, ఆవిడ పళ్లవే అనుకుని ఎదురుగా ఉన్న అచ్చు తీసుకుని విప్పారు. పాలరంగులో, తోక రెక్కలతో, జానెడు మూతితో నా తుపాకీ బయటపడింది.

"కి సా సా? ఏమిటిది?" అన్నారు మిసియే.

పెద్దావిడ దానివైపు తేరిపార చూసి, "అది నా నోట్లో పట్టదు మిసియే," అంది.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాను. ఆయన తుపాకీని వంచారు, వదిలారు. అది టక్కున నిటారైంది. మళ్లీ వంచారు. పెద్దావిడని పూర్తిగా మరిచిపోయారు. "మెడ దగ్గర పల్చగా ఉంది. ఇక్కడే చినుగుతుంది. రెండు పూతల మధ్య గుడ్డ పీలిక వెయ్యి," అన్నారు. తర్వాత నాలుగు రోజులు మేమిద్దరం పళ్లు పక్కనపెట్టి తుపాకులే పోశాం. మూతి ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అని ఆయన నాతో వాదించారు కూడా. పచ్చి అచ్చు విప్పే ప్రతిసారీ నా గుండె గంతులేసేది.

నాటకం రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. బావ రెండుసార్లు తుపాకీ మీద పడ్డాడు, ఒకసారి తొక్కాడు కూడా. దానికి గీత పడలేదు. తెర వెనక నేను గాల్లో తేలుతున్నాను. చివరి ఘట్టం వచ్చింది. జనం కళ్లొత్తుకోవడానికి కొంగులు అందుకున్నారు. "ఇక చంద్రలోకంలో ఆయుధం ఉండదు" అని బావ తన బలమంతా పెట్టి తుపాకీని నేలకేసి కొట్టి, ప్రాణం విడిచి పడ్డాడు. రబ్బరు ఏం చేస్తుందో మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. అది ఎగిరింది, దీపం తాడుకు తగిలింది, ముందు వరసలో మా గుడి పూజారిగారి ఒళ్లో పడింది. ఆయన ఉలిక్కిపడి దాన్ని అవతలకి తోస్తే మళ్లీ ఎగిరి వేదిక మీదికొచ్చింది. చచ్చి పడున్న రాజు అలవాటుకొద్దీ చెయ్యి చాచి దాన్ని పట్టుకున్నాడు. హాలు గొల్లుమంది.

మాస్టారు తెర వెనక ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ వెళ్లి, "తప్పయిపోయింది మాస్టారూ," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "రెండు ఊళ్లవాళ్లొచ్చి మా దగ్గరా ఆడమన్నారమ్మాయ్," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అది ప్రతిసారీ అలాగే ఎగురుతుందంటావా?" అన్నారు.

ఎగురుతుందని వెంటనే మాటిచ్చేశాను. ఎలా ఎగిరించాలో నాకేం తెలుసని? అయినా ఇచ్చేశాను. ఇప్పుడెవరైనా ఏదైనా అడిగితే, చూస్తాను, కనుక్కుని చెప్తాను, అంటున్నాను. అలా అన్నప్పుడల్లా ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడినుంచో నన్ను చూసి జాలిపడుతున్నట్టుంటుంది.