దగ్గు లేని పల్లె

ఆ రోజుల్లో మా వైపు మనిషికి ఏదైనా అయిందంటే బాంబుతోనో కత్తితోనో అయి ఉంటుందనుకునేవాళ్లు గానీ, పీల్చే గాలితో కూడా అవుతుందని ఎవరికీ తోచేది కాదు. అలాంటి కాలంలో, డిగ్రీ పాసై ప్రొద్దుటూరులో ఊరికే కూర్చున్న నేను ఆరోగ్య బీమా ఏజెంటునయ్యాను. పల్లెల్లో మగవాడు వీధి దాటితే ఏ పార్టీ అని నిలదీస్తారు, ఆడపిల్లనైతే ఎవరూ ఏమీ అనరని మా మేనేజరు నన్ను ఏరికోరి జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెకు పంపించాడు. (ఆయన మాత్రం ఆ పల్లె పొలిమేర కూడా తొక్కలేదు.) మూడు నెలలు తిరిగినా ఒక్క పాలసీ కాలేదు. "బాంబు తగిల్తే ఇస్తారా పాపా?" అని అడిగేవాళ్లు. గొడవల్లో తగిలినదానికి ఇవ్వరంటే, "మరి ఇంగ దేనికీ?" అని ఇంత మజ్జిగ పోసి సాగనంపేవాళ్లు. ఈ నెల కూడా ఇలాగే ఉంటే ఇంట్లో కూర్చోమని మేనేజరు చెప్పేశాడు.

ఆ పల్లె పక్కన సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఏడు ఇంకో పొగగొట్టం లేచింది. తడిచీర ఆరేస్తే సాయంత్రానికి అట్టలా నిలబడేది, నల్లబర్రెలు తెల్లబడ్డాయి. మీదివీధి పార్టీని నడిపే పెద్దాయన లారీలు ఆ ఫ్యాక్టరీకే తిరిగేవి కాబట్టి మీదివీధిలో దుమ్ము లేదు. కిందివీధి ఎదుటి పార్టీ కాబట్టి అక్కడ దుమ్ము ఉంది. పాపం దుమ్ముకు మాత్రం పార్టీల సంగతి తెలియక రెండు వీధుల్లోనూ సమానంగా పడేది. మీదివీధిలో ఒకాయన, ముక్కుకు తువాలు బిగించుకుని, "దుమ్మా? యాడుండాది?" అని నన్నే ఎదురడిగాడు.

కిందివీధి నాయకుణ్ణి అందరూ అర్జీ మామ అనేవాళ్లు. దుమ్ము మీద కలెక్టరుకు అర్జీలు రాయడం ఆయన పని. ఒక పొద్దున ఆయనే కబురుపెట్టి, వీధి వీధంతా పాలసీలు తీసుకుంటుందన్నాడు. నేను గాల్లో తేలుతూ ఫారాలు నింపాను. "దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే ప్రతి ఒక్కరూ దగ్గి, గొంతు సవరించుకుని, "పుట్టినప్పట్నుంచీ ల్యా" అన్నారు. నేనూ 'లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. వచ్చేటప్పుడు అర్జీ మామ, "మీ నాయన అయివారు గదా, దీంట్లో తప్పులు దిద్దించుకోని రా పాపా" అని కొత్త అర్జీ ఒకటి చేతిలో పెట్టాడు.

మా నాయన మిషన్ బడిలో తెలుగు టీచరు. కళ్లద్దాలు సవరించుకుని అర్జీ చదివాడు, పక్కనున్న నా ఫారాలూ చదివాడు. రెండింట్లోనూ అవే పేర్లు, అవే వేలిముద్రలు. "ఈ కాగితంలో వీల్లు ఊపిరాడక చస్తాండారు. ఆ కాగితాల్లో గుండ్రాళ్ల మాదిరి ఉండారు. యాది దిద్దమంటావు మ్మా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. "కట్టించుకునేది నువ్వు. రేపు ఆస్పత్రిలో లేదన్నప్పుడు వాల్లకు కనపడేదీ నువ్వే" అని మాత్రం అని లేచిపోయాడు.

మరునాడు బస్సులో పల్లె దాకా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. అర్జీ మామ అరుగు మీద అందరి ముందూ చెప్పేశాను. దగ్గు దాచి రాస్తే అవసరానికి పైసా రాదు, ఉందని రాస్తే దానికి బీమా ఇవ్వరు. అర్జీ మామ నన్ను ఎగాదిగా చూసి, తీరిగ్గా దగ్గి, "అయితే నన్ను కొట్టెయ్ పాపా. మా కోడలికీ పిల్లోల్లకూ ఇంగా అంటుకోలా. వాల్లకు రాయి" అన్నాడు. ఒక్కొక్క ముసలాయనా అదే మాట చెప్పి, తన పేరు తనే కొట్టేయించుకున్నాడు. ఫారాలు సగమయ్యాయి గానీ నా గుండె మాత్రం కుదుటపడింది.

ఇంతలో మీదివీధి పెద్దాయన తల్లి పిలిపించింది. వెనకింట్లో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికేసి, "మా పెద్దోడు దుమ్ము ల్యా అంటాడు. లారీలుండాయి గదా, వానికి అట్లే కనపడ్తాది. మా చిన్నకోడలికీ మనవరాండ్లకూ రాయి. వానికి చెప్పాకు" అంది. నేను రాస్తుండగానే తలుపు తోసుకుని పెద్దాయనే వచ్చాడు. పెన్ను చేతిలోంచి జారిపోయింది. "ఏంది పాపా రాస్తాండావు?" అన్నాడు. అవ్వ మాత్రం తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చుంది. ఆయన వంగి పెన్ను తీసి నాకే ఇచ్చి, గొంతు తగ్గించి, "నా పిల్లోల్లనూ, వాల్లమ్మనూ గూడా రాయి. ఊర్లో మాత్రం చెప్పాకు" అన్నాడు. ఆ వారంలో మీదివీధిలో చాలా ఇండ్లు పాలసీలు తీసుకున్నాయి, ఒక్కొక్కరూ పక్కింటికి చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకుని మరీ.

మరుసటేడు అవ్వ మనవరాలు ఆయాసంతో కడప ఆస్పత్రిలో చేరినప్పుడు బీమా డబ్బులు కొర్రీ లేకుండా వచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి పోతే, అవ్వ నన్ను పెద్దాయన జీపులో ఎక్కించి, మీసాల మనుషులిద్దరిని తోడిచ్చి పంపింది. జమ్మలమడుగు బస్టాండులో జనం దారిచ్చారు. సోడా అంగడాయన ఏకంగా లేచి నిలబడ్డాడు. లోపల వణుకు, పైకి మాత్రం ఎన్నికల్లో గెలిచొచ్చినదానిలాగా మెడ నిలిపి దిగాను. అప్పుడు నా జడ నిండా సిమెంటు దుమ్ము. ఇప్పుడు దులిపితే పోని తెలుపు. అయినా అంత బీరంగా జీపు దిగిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. నాకు తెలియకుండానే మెడ కాస్త నిటారవుతుంది.