మా మామ వేసిన రెండో బ్రేకు పైపు

పోయిన గురువారం పొద్దున్నే అత్తమ్మ ఫోన్ చేసింది. “అల్లుడా, మీ మామ పోయిండు” అంది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఆమె. ఆమెకేమవుతుందోనని మేమంతా బిక్కుబిక్కుమంటుంటే కరోనా ఆయన్ని పట్టుకుపోయింది.

ఆయన సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, పర్వత్ పాటియాలో ముప్ఫై ఏళ్లు మరమగ్గాల ఫిట్టరుగా చేశారు. నేను ఆ ఊరి పక్కనే హజీరాలో పైపుల ఇంజినీరును. పైపు బిగించడం ఆయన దగ్గర నేర్చుకున్నానంటే మా ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ.

నిరుడు లాక్‌డౌన్ పడి ఆటోలు ఆగిపోయాయి. ఆసుపత్రేమో తాపీ నదికి అవతల. ఇంట్లో ఉన్నది ఆయన ముచ్చటపడి కొనుక్కున్న పాత అంబాసిడర్. ఆ కాలపు బండిలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు నూనె దారి ఒక్కటే. ఎక్కడ కారినా అన్ని బ్రేకులూ పోతాయి. ఉన్నదాన్నే బాగుచేసుకుందామన్నాను. ఆయన ససేమిరా అన్నారు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి వేరువేరు దారులు కావాలన్నారు.

“ఒకటి తెగినా ఇంకోటి పట్టాలె. ఆమె కూసునే బండి ఇది.”

పాత బండ్లు విప్పే భంగార్ వాణ్ణి బతిమాలి, పెడల్ తొక్కితే నూనెను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్, రెండు గదులది, తెచ్చారు. స్టీలు పైపులు వంచి బిగించాం. ప్రతి జాయింటుకూ రంగెయ్యని తెల్లబట్ట చుట్టి, నా చేత గంటసేపు పెడల్ తొక్కించేవారు. బట్ట మీద నలుసంత తడి కనబడితే చాలు, మళ్లీ విప్పుడే. ఒక్క నూనె చుక్కకు బట్ట తాను మొత్తం పాడైపోయే చోట పనిచేసిన మనిషి మరి.

తప్పు చేసింది నేను. బ్రేకు నూనె చాల్లేదు, కొట్లు మూసున్నాయి. ఆయన భోజనానికి లేచినప్పుడు పక్కనున్న మగ్గాల నూనె పోసేశాను. ఇంజినీరుగారి ఘనకార్యం! మర్నాటికి లోపలి రబ్బర్లు ఉబ్బి చక్రాలు బిగుసుకుపోయాయి. చేసిందంతా ఆయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు.

“అన్ని నూనెలు ఒక్కటి కావు అల్లుడా. మళ్ల మొదటి సంది చేద్దాం.”

మొత్తం విప్పి, కడిగి, మూసిన కొట్టు తెరిపించి తెచ్చిన కొత్త రబ్బర్లు, బ్రేకు నూనె వేసేసరికి రెండ్రోజులు పట్టింది. ఈలోగా ఒక డయాలసిస్ తప్పింది. అత్తమ్మ కాళ్లు వాచాయి. ఆయన ఆ కాళ్ల వంక చూసి మళ్లీ స్పానరు పట్టుకునేవారు.

మూడోసారి ఆసుపత్రికి వెళ్తూ తాపీ వంతెన దిగుతుంటే, మార్చడానికి కొత్తది దొరకని ముందుచక్రం రబ్బరు పైపు పగిలింది. పెడల్ నా కాలి కింద సగానికి పైగా లోపలికి పోయింది. వెనక చక్రాలు పట్టాయి. బండి ఆగింది.

వెనక సీట్లో అత్తమ్మ నిద్రలో ఉంది. లేపొద్దని మామ సైగ చేశారు. ఎదురుగా ఆసుపత్రి కనబడుతోంది, నడక వేగంతో పోనియ్యమని నాకు చెప్పి దిగారు. ఆమె వైపు కిటికీ మీద చెయ్యి వేసి బండి పక్కనే నడిచారు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి, ఎందుకు నడుస్తున్నావని అడిగింది.

“కాళ్లు పట్టుకున్నయ్, జర నడుస్తున్న” అన్నారాయన. చెయ్యి మాత్రం కిటికీ మీంచి తియ్యలేదు.