గుమ్మం దగ్గర ముక్క పడకూడదు

కొవ్వూరులో ఈ పాతికేళ్లలో కట్టిన ఏ ఇంట్లోకైనా వెళ్లి గచ్చు చూడండి. గుమ్మంలో అడుగుపెట్టగానే కాలి కింద నిండు టైలు ఉండి, కోసిన ముక్కలన్నీ ఎదుటి గోడ వారకి, మంచాల కిందకి పోయాయంటే అది చిట్టియ్య మేస్త్రీ చేతి పనే. ముప్పయ్యేళ్లు గొంతుక్కూర్చుని చేసిన ఆ పని ఆయన మోకాళ్లని తినేసింది. యాభై నాలుగో ఏటికే కర్ర పట్టాడు. పని పోయిన మేస్త్రీ అంత చిరాకు మనిషి ఇంకొకడుండడు. పొద్దస్తమానం వరండాలో కూర్చుని ఎదురింటి మెట్లకి వంకలు పెట్టేవాడు.

కూతురు సారికకి రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం. కంప్యూటర్‌కి పరీక్ష పేపర్లు తయారుచేయడం ఆ పిల్ల పని. పేపరంటే అక్షరాలేం ఉండవు, రంగు గళ్లే. ఎడమపక్క ఒక గళ్ల బొమ్మ, కుడిపక్క అదే బొమ్మ ఏదో పద్ధతిలో మారి ఉంటుంది. అలాంటి రెండు జతలు చూపించి, మూడో బొమ్మని నువ్వు పూర్తిచెయ్యి అంటారు. పద్ధతేంటో చెప్పరు, చూసి పట్టుకోవాలి. మనుషులు చెయ్యగలిగి కంప్యూటర్ తప్పితేనే ఆ పేపరు పనికొచ్చినట్టు.

ఒకరోజు సారిక లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంటే చిట్టియ్య వెనకనుంచి తొంగిచూశాడు.

“ఇదేంటే, టైల్సు పనే కదా! దీనికా నువ్వు డిగ్రీ చదివింది?”

మర్నాడు గ్రాఫు పుస్తకం, రంగు పెన్సిళ్లు తెప్పించుకున్నాడు. ఆయన వేసిన మొదటి బొమ్మలో నాలుగు గోడలు, ఒకచోట గుమ్మానికి ఖాళీ. గుమ్మం దగ్గర నిండు టైలుతో మొదలెట్టి గది నింపుకుంటూ పోవాలి, అంతే. ఆఫీసులో పిల్లలు రెండుసార్లు చూసి పట్టేశారు. కంప్యూటర్ మాత్రం మూలనుంచి మొదలెట్టి, తీసుకెళ్లి గుమ్మంలో ముక్క పెట్టింది. చిట్టియ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఎంత చదివితే ఏం లాభం, గుమ్మం ఎటుందో చూసుకోని వెధవ!”

ఆయన గీసిన నలభైలో ముప్పయ్యొకటి కంప్యూటర్ తప్పింది. ఆ వారం మేస్త్రీ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తర్వాత ఆఫీసువాళ్లు, జవాబుతో పాటు అలా ఎందుకు చేశారో కూడా చెప్పమన్నారు. ఇక్కడ మేస్త్రీల అలవాటొకటి చెప్పాలి. పని చూడనిస్తారు గానీ కిటుకు చెప్పరు. గదికి కొలతలు తీసి దారం లాగేదే అసలు పని. తక్కిందంతా కూలిపని. చిట్టియ్య ఆ దారం లాగే వేళకి సొంత తమ్ముడు శ్యాంబాబుని కూడా ఏదో వంక పెట్టి బయటికి పంపేసేవాడు. పదేళ్లు అన్నయ్య పక్కన సిమెంటు కలిపిన శ్యాంబాబు, చివరికి ధైర్యం చేసి రామచంద్రపురం దగ్గర ఒక చర్చి గచ్చు సొంతంగా ఒప్పుకున్నాడు. పని పూర్తయ్యాక చూస్తే నడిగుమ్మంలో సగం ముక్క పడింది, ఎదుట పాస్టరు నిలబడే బల్ల దగ్గర డిజైను పక్కకి జరిగిపోయింది. చర్చి పెద్దలు మొత్తం పగలగొట్టించారు. ఆ తర్వాత అతను తాపీ పట్టలేదు. చవక మందు కోసం యానాం చుట్టూ తిరగడం మొదలెట్టాడు. వార్త విన్నరోజు “తొందరపడ్డాడు” అన్నాడు చిట్టియ్య. లోపల కాస్త సంతోషించాడు కూడా. ఆ సంగతి ఆయనకి తెలుసు, దేవుడికి తెలుసు.

అలాంటి మనిషి, సారిక రికార్డు చెయ్యడానికి ఫోను ముందు పెడితే మూడు నెలలు నోరు మూయకుండా చెప్పాడు. స్తంభం అడ్డొస్తే ఏం చెయ్యాలో, గది వంకరగా ఉంటే ఆ వంకర ఎక్కడ దాచాలో, అన్నీ.

భార్య సువార్తమ్మ వంటింట్లోంచి వింటూ వింటూ ఒకనాడు ఆపుకోలేకపోయింది. “ఇందులో నాలుగు ముక్కలు ఆ శ్యాంబాబుకి చెప్పుంటే బాగుపడేవాడు కదండీ!”

“నీకేం తెలుసే! వాడికి చెబితే రేపు నా పని వాడు చేస్తాడు. కంప్యూటర్‌కి చేతులున్నాయా, నా కూడు లాక్కోడానికి?”

“ఇప్పుడు మీరు చేస్తున్న పనేముంది గనక?” అంది ఆవిడ. చిట్టియ్య ఫోను దగ్గరికి లాక్కుని మళ్లీ చెప్పడం మొదలెట్టాడు.

వేసవి దాటాక కొత్త కంప్యూటర్‌కి పరీక్ష పెట్టారు. నలభైకి నలభై. చిట్టియ్య నమ్మలేదు. వారం కూర్చుని రెండు గుమ్మాలు, నడుమ స్తంభం, ఒక గోడ వంకర ఉన్న గది గీశాడు. తన జన్మలో అంత కష్టమైన గది వెయ్యలేదు. కంప్యూటర్ నిమిషంలో పూర్తిచేసి కింద కారణం కూడా రాసింది. సారిక చదివి వినిపించింది.

“రెండు గుమ్మాలుంటే, చుట్టాలొచ్చే గుమ్మానికి నిండు టైలు. ఇంటివాళ్ల గుమ్మం సర్దుకుంటుంది.”

“ఈ మాట దానికి ఎవరు చెప్పారే?”

“నువ్వే నాన్నా. ఫోనులో చెప్పావు కదా, అవన్నీ దానికి నేర్పించారు.” లాప్‌టాప్ మూసేసి, “ఇంక గళ్ల పేపర్లు వద్దన్నారు. దీనికి వచ్చేసిందట” అంది.

చిట్టియ్యకి అన్నం సహించలేదు. తన ముప్పయ్యేళ్ల పని ఎవరికో చేరిపోయింది, చేరాల్సినవాడికి తప్ప. తెల్లారి కర్ర పట్టుకుని బయల్దేరాడు. శ్యాంబాబు ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా తొమ్మిదేళ్లుగా చర్చిలో తల ఊపుకోవడమే గానీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

శ్యాంబాబు అరుగు మీద ఉన్నాడు. అన్నయ్యని చూసి లేవబోతే చిట్టియ్య వద్దన్నాడు, కష్టపడి పక్కనే కూలబడ్డాడు. పలకరింపు కూడా లేకుండా మొదలెట్టాడు. కొలత ఎక్కణ్ణుంచి తియ్యాలి, దారం ఎటునుంచి ఎటు లాగాలి, ముక్క ఎక్కడికి తోలెయ్యాలి. దాచుకున్నదంతా చెప్పాడు. శ్యాంబాబు అడ్డు రాకుండా విన్నాడు.

“తెలుసన్నయ్యా.”

“ఎవరు చెప్పార్రా?”

“ఎవరు చెబుతారు? ఆ గచ్చు పగలగొట్టింది నేనేగా. సగం పగలగొట్టేసరికి ఎక్కడ తప్పానో తెలిసిపోయింది. పని రాదని మానలేదు నేను. నువ్వొచ్చి, ‘పోనీలేరా, రేపట్నుంచి రా’ అంటావని ఏడాది చూశాను. నువ్వు రాలేదు.”

చిట్టియ్యకి ఏడుపు ఆగలేదు. వీధి అరుగు మీద, పోయేవాళ్లు చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “కంప్యూటర్‌కి చెప్పానురా అంతా. నీకు చెప్పలేదు.”

శ్యాంబాబుకి అదేంటో అర్థం కాలేదు. “పోన్లే అన్నయ్యా, అదైనా నేర్చుకుందిగా” అన్నాడు.

చిట్టియ్య లేవబోతే మోకాళ్లు లేవనివ్వలేదు. శ్యాంబాబే చంకల కింద చేతులేసి లేపాడు.