దావీదు పడవలో పెట్రోలు

పొద్దున ప్యాసింజరు తాండూరు నుంచి కదిలేసరికి నాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. అంత సులువుగా చోటు దొరికితే నాకు నమ్మకం కుదరదు. బల్ల మీద ఏమైనా ఒలికిందేమోనని తడిమి చూసి మరీ కూర్చున్నాను. ఇలాంటి బుద్ధి ఉన్నవాణ్ణనే మా సేటు నన్ను ఈ పనికి పంపాడు.

ధారూర్ దగ్గర కొత్తగా కట్టిన చెరువు నీళ్లు పాత బాటను ముంచేశాయి. అవతలి ఊళ్లవాళ్లు రైలెక్కాలంటే గుట్ట చుట్టూ తిరిగి రావాలి. నాపరాళ్ల వ్యాపారం చేసే మా సేటు అక్కడ ఒక చిన్న మోటారు పడవ పెట్టించాడు. నడిపేవాడు దావీదు. ఆ మోటారు లారీకంటే ఎక్కువ పెట్రోలు తాగుతోందని సేటు గోల. దావీదు దొంగ అయితే అతన్ని తీసేస్తాడు, కాకపోతే పడవనే ఎత్తేస్తాడు. తేల్చుకు రమ్మని నన్ను పంపాడు.

ఎదుటి బల్ల మీద వికారాబాద్ ఆస్పత్రికి పోతున్న ముసలాయన నా చేత సంగతంతా చెప్పించుకుని విన్నాడు. "పెట్రోలు గాలికి పోతదా సారూ? ఆనింట్ల సీసలు జూడు జర," అన్నాడు. ఆ సలహా నాకు తెగ నచ్చింది.

ధారూర్‌లో దిగి స్టేషను బయట హోటల్లో చాయ తాగాను. పాలకంటే నీళ్లే ఎక్కువ. హోటలాయనకు వచ్చిన పని చెప్పి దావీదు ఎలాంటివాడని ఆరా తీశాను. మంచోడేనన్నాడు. గ్లాసు తుడుస్తూ, మీరు ఇంత దూరం వచ్చారంటే ఏదో ఉండే ఉంటుందన్నాడు. అప్పటికే పక్క బల్లవాళ్లు మా మాటలు వింటున్నారు.

ఎడ్లబండి ఎక్కి ముందు దావీదు ఇంటికే పోయాను. మనిషి పడవ మీద ఉన్నాడని అతని భార్య మార్తమ్మ చెప్పి, మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లింది. గూట్లో ఉన్న సీసాల మూతలు తీసి వాసన చూశాను. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో ఆముదం. ఇంకొకటి ముక్కు దగ్గర ఉండగానే ఆమె చెంబుతో వచ్చి గడపలో నిలబడింది. మూత బిగించి సీసా గూట్లో పెట్టి, ఆ నీళ్లు తాగి బయటపడ్డాను.

పడవ మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చింది. దావీదు ఒకప్పుడు ఎడ్లబండి తోలేవాడట. నా కళ్లముందే పెట్రోల్లో ఆ మోటారుకు కావలసిన నూనె కలిపించి, మోటారు డబ్బాలో పోయించి, జొన్నదంటు ముంచి తడి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టుకున్నాను. జొన్న బస్తాలు, మనుషులు, అన్నిటినీ అతను వెనక భాగానికే సర్దాడు. పడవ ముక్కు పైకి లేచింది. మోటారు పిడి మొత్తం తిప్పాడు. చప్పుడు ఆకాశానికంటింది గానీ పడవ మాత్రం గర్భిణిలా నడిచింది. అవతలి ఒడ్డున దంటు ముంచి చూస్తే పెట్రోలు సగానికి దిగింది. ఎవరూ తీయలేదు, అయినా పోయింది. మోటారే అంత తాగుతుందని నన్ను నమ్మించడానికే కావాలని తగలేస్తున్నాడని అప్పుడు కూడా అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలోనూ అన్నే బస్తాలు వెనకే సర్దాడు. అప్పుడే ఎల్లవ్వ అనే ముసలామె మేకలతో ఎక్కింది. పెట్రోలు వాసన పడదని, మోటారు పేలితే ఎవరు దిక్కని సణుగుతూ మేకలతో సహా ముక్కు దగ్గరికి పోయి కూర్చుంది.

"ఎనకకు రా అవ్వా, ముంగట బరువైతె మెడలు పోతయ్," అన్నాడు దావీదు.

ఎవరి మెడలని అడిగాను.

"ఎడ్లయి," అని ఆగిపోయాడు.

బండి ముందు బరువు పడితే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది. అందుకని జన్మంతా బరువు వెనక్కి సర్దిన చేతులు పడవలోనూ అదే చేశాయి. ఇక్కడేమో మోటారే వెనక బరువు. దానికి బస్తాలు తోడైతే వెనక దిగబడి, పడవ నీళ్లను తోసుకుంటూ పోవాలి. ఎల్లవ్వ లేవలేదు. పడవ ముక్కు కిందికి దిగి, నీటి మీద సమంగా సాగింది. అంత జోరుగా పోయేసరికి దావీదే భయపడి పిడిని వెనక్కి తిప్పాడు. ఒడ్డుకు చేరి దంటు ముంచితే పెట్రోలు కొద్దిగానే తగ్గింది. బస్తాలు నడిమికి జరిపించి మరోసారి అటూ ఇటూ దాటించాను, అప్పుడూ అంతే. నాకు సంతోషమేసింది. దావీదు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం నన్ను స్టేషనుకు దిగబెట్టడానికి వచ్చి దారిలో అన్నాడు: "మా ఇంట్ల సీసలు వాసన జూసిండ్రట. ఊరంత పెట్రోలు దొంగ అంటుండ్రు. దొంగ గాదని గూడ మీరే చెప్పాలె సారూ."

సిగ్గేసింది. హోటల్లోకి తీసుకుపోయి, అందరూ వినేలా తప్పు బరువు సర్దడంలో ఉందనీ, దావీదు చుక్క పెట్రోలు తీయలేదనీ చెప్పాను. అందరూ తలలూపారు. హోటలాయన చాయ అందిస్తూ నా చెవి దగ్గరికి వంగాడు.

"మీకెంత ముట్టజెప్పిండు సారూ?"

దావీదు విన్నాడు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. "ఇగ మనమిద్దరం ఒక్కటే," అన్నాడు.

రైలు వచ్చింది. ఆ దారిన పోయేవాళ్లు దావీదు పడవెక్కితే నడిమిలో కూర్చోండి, పెట్రోలు కలిసొస్తుంది. నేను మాత్రం తాండూరు వచ్చేదాకా సేటుకు ఏమని చెప్పాలా అని సతమతమయ్యాను. దావీదు కొలువు ఇప్పుడు నా మాట మీదే ఉంది. అంతా విన్నాక సేటు కూడా ముందు అడిగేది ఆ హోటలాయన అడిగిందే.