తిరగలి బాబాయి

మా ఆస్పత్రి రిపోర్టుల కౌంటర్లో కూర్చునే పెద్దాయన నోట రోజంతా వినిపించే మాట ఒక్కటే: "తిరుగుతోంది." కంప్యూటర్ తెర మీద గిర్రున తిరిగే చిన్న చక్రం గురించి జనానికి ఆయన ఇచ్చే సమాచారం అది. మాట మీద నమ్మకం కుదరనివాళ్ళ కోసం చూపుడువేలితో గాల్లో ఓ సున్నా కూడా చుట్టేవాడు. తెర ఆయన వైపు ఉండేది కాబట్టి అవతలివాళ్ళకి కనిపించేది ఆ సున్నా ఒక్కటే. అలా ఆయనకి తిరగలి బాబాయి అనే పేరు స్థిరపడిపోయింది. ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. ఆయనకంటే పెద్దవాడైన మా వాచ్‌మన్ కూడా బాబాయనే పిలిచేవాడు.

క్యాంటీన్లో "టీయా, కాఫీయా?" అని అడిగితే, "ఉండవోయ్, తిరుగుతోంది," అంటూ తన తల చూపించేవాడు. ఇంట్లోనూ అదే వరస. ఓసారి వాళ్ళావిడ, అంటే మా అందరికీ పిన్ని, ఆస్పత్రికి వచ్చినప్పుడు నా దగ్గర మొర పెట్టుకుంది.

"ఇది కంప్యూటర్ వల్ల వచ్చిన జబ్బు కాదు నాయనా. పెళ్ళికి సరేననడానికే ఈయన నన్ను ఏడాది తిప్పారు."

"చివరికి చెప్పాను కదే," అన్నాడు బాబాయి.

"చెప్పారు లెండి. అప్పటికే నాకు కళ్ళు తిరిగాయి."

నేను ఆ ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. కింది అంతస్తులో, జనరేటర్ పక్కన, వైర్ల చుట్టల మధ్య ఉండేది నా గది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అంతకు రెండింతలు నా పని మీద గర్వం. పాత కంప్యూటర్‌కి మెమరీ పెంచితే వేగం పెరుగుతుందా అని నన్ను అడగనివాళ్ళు లేరు. అందరికీ వంటింటి గట్టు సంగతే చెప్పేవాణ్ణి. అలమారలో ఎన్ని సామాన్లున్నా పని జరిగేది గట్టు మీదే. గట్టు ఇరుకైతే గిన్నె పెట్టడానికి పళ్ళెం తీయాలి, పళ్ళెం పెట్టడానికి గిన్నె దించాలి. ఆ గట్టే మెమరీ. దాన్ని కాస్త వెడల్పు చేశామా, ముసలి వంటవాడు కూడా చకచకా వండి పారేస్తాడు. గట్టు ముందే ఖాళీగా ఉంటే మాత్రం ఎంత పెంచినా ప్రయోజనం లేదు. నాకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే. ఇన్నేళ్ళూ అది నన్ను మోసం చేయలేదు. బాబాయి కౌంటర్ దగ్గర మాత్రం చతికిలబడింది.

కౌంటర్ ముందు జనం గొడవ పెడుతున్నారని మొదటిసారి కబురొచ్చినప్పుడు, స్క్రూడ్రైవర్ పట్టుకుని ధీమాగా వెళ్ళాను.

"ఎందుకు నాయనా దాన్ని కోస్తావు? దాని వయసుకి అది బాగానే తిరుగుతోంది," అన్నాడు బాబాయి, ఆపరేషన్ బల్ల మీద చుట్టాన్ని పడుకోబెట్టినవాడిలా.

డబ్బా విప్పి, దుమ్ము ఊది, కొత్త మెమరీ గుచ్చాను. మీట నొక్కడం ఆలస్యం, రిపోర్టు తెర మీద వాలింది.

"చూశావా బాబాయ్!"

"అబ్బో, రెక్కలొచ్చాయే," అన్నాడు. ఆ గొంతులో ఆవగింజంత సంతోషం లేదు.

నా గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో, మళ్ళీ ఫోను. మళ్ళీ తిరుగుతోందట. ఇంకో మెమరీ గుచ్చాను. ఇప్పుడా ముసలి డబ్బాకి సూపరింటెండెంట్ గారి కంప్యూటర్‌కి కూడా లేనంత మెమరీ ఉంది. అయినా తిరుగుతోంది! పోనీ ఎప్పుడూ తిరుగుతుందా అంటే అదీ లేదు. ఒకరి రిపోర్టు చిటికెలో వస్తుంది, వెనకాలే నిలబడ్డవాళ్ళది ఎంతకీ రాదు. నేను పక్కన నిలబడితే మాత్రం గుర్రంలా పరిగెత్తుతుంది. డాక్టర్ గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్టు ఉండేది ఆ వ్యవహారం. వచ్చి పోయే జబ్బంత దొంగ జబ్బు ఇంకోటి లేదు. నాకు నిద్ర పట్టడం మానేసింది.

చివరికి సూపరింటెండెంట్ మేడమ్ నన్ను పిలిపించింది. ఆవిడ నడిచినా మాట్లాడినా తొందరే.

"మెమరీ వేశానంటారు, బాగైందంటారు. ఏది బాగైంది? మొన్నామధ్య మా అమ్మ రిపోర్టు కోసం వెళ్తే నన్నే అక్కడ కూర్చోబెట్టేశారు ఆయన. వేరే ఊళ్ళో ఉన్న మా అన్నయ్య బయల్దేరి వచ్చేశాడు గానీ రిపోర్టు రాలేదు!"

"పాత మెషిన్ కదా మేడమ్..."

"పాతదైతే తీసేద్దాం. ఈ వారంలో అది బాగుపడకపోతే గోడకి మిషన్ బిగించేస్తాను. ఎవరి నంబర్ వాళ్ళు కొట్టుకుని ఎవరి రిపోర్టు వాళ్ళు పట్టుకుపోతారు."

"మరి బాబాయి?"

"స్టోర్‌కి పంపిస్తా. దుప్పట్లు లెక్కపెడతారు. దుప్పట్లకి తొందరేం ఉండదు."

ఆ దొంగ జబ్బుని కళ్ళారా పట్టుకోవాలని మర్నాడు బాబాయి బల్ల కింద దూరాను. వైర్లు సర్దుతున్నానని చెప్పాను. కాసేపటికి నేనక్కడ ఉన్నానన్న సంగతే ఆయన మరిచిపోయాడు. కింద నుంచి తల ఎత్తితే తెర బాగా కనిపిస్తోంది. 

ముందొక లావుపాటాయన వచ్చాడు. నంబర్ కొట్టగానే రిపోర్టు తెరుచుకుంది. బాబాయి దాని మీద చూపు అలా పారించి, వెంటనే ప్రింటు తీసి ఇచ్చేశాడు. "ఇంద, వెళ్ళిరండి!"

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. చీటీని పిడికిట్లో నలిపేసి పట్టుకుంది. నంబర్ కొట్టగానే ఆమె రిపోర్టు కూడా అంతే వేగంగా తెరుచుకుంది. బాబాయి చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వేలు గాల్లోకి లేచింది.

"తిరుగుతోందమ్మా. కూర్చో. ఒక్కదానివే వచ్చావా?"

"అవునండీ. అక్క వస్తానంది, నేనే వద్దన్నాను."

"అయ్యో, పిలు పిలు. ఇది ముసలి డబ్బా. ఇవాళ దీని వాలకం చూస్తే మీ అక్క వచ్చేదాకా తిరిగేట్టుంది. ఈలోగా కాసిని మంచినీళ్ళు తాగు. ఏం చదువుకున్నావు?"

బల్ల కింద నేను కదలకుండా ఉండిపోయాను. ఆ పిల్ల తన చదువు గురించి చెప్పింది, ఉద్యోగం గురించి చెప్పింది, ఓసారి నవ్వింది కూడా. ఈ మధ్యలో బాబాయి ఫోనెత్తి, డాక్టరమ్మ గదిలో ఉన్నారో లేదో గొంతు తగ్గించి కనుక్కున్నాడు. అక్క రొప్పుతూ వచ్చింది. అప్పుడు ప్రింటర్ కదిలింది.

"హమ్మయ్య, ఇప్పటికి ఆగింది. డాక్టరమ్మ మీకోసమే చూస్తున్నారు. ఇద్దరూ నేరుగా లోపలికి వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళాక బల్ల కింద నుంచి అన్నాను, "బాబాయ్, అది తిరగలేదు."

ఆయన ఉలిక్కిపడి కిందకి చూశాడు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావా? మెల్లిగా రా, తల తగుల్తుంది."

"రిపోర్టు ఎప్పుడో తెరుచుకుంది."

"రిపోర్టుకేంరా, తెరుచుకుంటుంది. ఆ పిల్ల సిద్ధపడొద్దూ?" అన్నాడు. "నేను డాక్టర్ని కాను. అందులో ఏముందో చెప్పకూడదు, ధైర్యంగా ఉండమనీ అనకూడదు. అంటే తెలిసిపోతుంది కదా. నా చేతిలో ఉన్నది ఆలస్యం ఒక్కటే."

నాకు అప్పుడు మేడమ్ అన్నయ్య గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ గట్టు పెంచుకుంటూ పోయాను గానీ, వంటవాడు కావాలనే కబుర్లు పెట్టుకున్నాడని నాకు తట్టలేదు. ఆఫీసుల చుట్టూ జనాన్ని తిప్పేవాళ్ళని చాలామందిని చూశాను. తిరగడమంతా కంప్యూటర్ మీదకి తోసేసి మనిషిని కూర్చోబెట్టినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

మేడమ్ దగ్గరికెళ్ళి, కొత్త మెమరీ అలవాటు పడటానికి మెషిన్‌కి కొన్నాళ్ళు పడుతుందని చెప్పాను. నా వృత్తి జీవితంలో అంతకంటే సిగ్గుమాలిన అబద్ధం ఆడలేదు. "సరే, ఈ నెలాఖరు దాకా," అంది ఆవిడ.

నెలాఖరు రాకముందే నా మెడ పక్కన చిన్న గడ్డ తేలింది. డాక్టర్ ఏదో పరీక్ష చేయించమని రాశారు. మా ఆవిడ కంగారుపడుతుందని ఇంట్లో చెప్పలేదు. రిపోర్టు రోజున కౌంటర్‌కి వెళ్ళి, ఈల వేసుకుంటూ నంబర్ చెప్పాను. బాబాయి కొట్టాడు. తెర చూశాడు. నన్ను చూశాడు. వేలు పైకి లేచింది.

"తిరుగుతోంది నాయనా."

నా ఈల ఆగిపోయింది. కుర్చీలో కూలబడ్డాను.

బాబాయికి చెమటలు పట్టాయి. "ఒరేయ్ ఒరేయ్, అలా కాదురా! నిజంగా తిరుగుతోంది!"

"అర్థమైంది బాబాయ్. కాసిని నీళ్ళివ్వు."

"నీళ్ళెందుకురా నీకు? నిజంగానే..."

"మా ఆవిణ్ణి పిలవమంటావా?"

"ఎవర్నీ పిలవొద్దు! ఒట్టు, తిరుగుతోంది!"

"నా దగ్గరా నీ వేషాలు!" నేను అరిచేశాను. "రిపోర్టు తెరుచుకునే ఉంటుంది! చెడ్డ రిపోర్టులకేగా నువ్వు తిప్పేది! ఇచ్చెయ్, తట్టుకుంటాను!"

వరండాలో జనమంతా మా వైపు తిరిగారు. బాబాయికి ఇక దారి లేకపోయింది. ఆ కౌంటర్ చరిత్రలో మొదటిసారి తెరని రెండు చేతులా పట్టుకుని జనం వైపు తిప్పేశాడు. తెర మధ్యలో చక్రం. గిర్రున, నిక్షేపంగా తిరుగుతోంది.

పాడైన కంప్యూటర్‌ని చూసి అంతగా ఆనందించినవాడు లోకంలో ఇంకొకడు ఉండడు. ఒక్క అంగలో బల్ల కింద దూరి డబ్బా విప్పాను. నేలతుడుపు బకెట్ తగిలిందో ఏమో, నేను గుచ్చిన మెమరీ రెండూ పట్టు జారి ఉన్నాయి. పాపం ముసలిది, పొద్దున్నుంచీ పాత గట్టు మీదే అవస్థ పడుతోంది. గట్టిగా నొక్కి, మళ్ళీ ఆన్ చేశాను. రిపోర్టు తెరుచుకుంది. నేను తెర చూడలేదు, బాబాయి చేతులే చూశాను. చెయ్యి కళ్ళజోడు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా ప్రింటర్ మీదకి వెళ్ళింది.

"ఇంద. ఏముందో డాక్టరే చెప్పాలి," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "కూర్చోబెట్టాల్సినంత ఏమీ లేదు నీ దగ్గర. లేచి పో!"

లేచి వెనక్కి తిరిగాను. వరసలో నా వెనకే మేడమ్ నిలబడి ఉంది. మొత్తం వినేసింది. బాబాయిని దుప్పట్ల దగ్గరికి పంపినవాణ్ణి నేనే అయ్యాను.

ఆవిడ తెర వైపే చూస్తూ, మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది. "మెమరీ వేస్తే లాభం ఉందన్నమాట."

"ఉంది మేడమ్. ఇప్పుడే నా ప్రాణం లేచొచ్చింది."

"అయితే మా అమ్మ రిపోర్టు రోజున అది తిరగలేదు. అన్నయ్య వచ్చేదాకా..."

బాబాయి కళ్ళజోడు తీసి తుడవసాగాడు. "అమ్మగారు ఎలా ఉన్నారమ్మా?" 

"బాగైపోయింది. రోజూ నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది."

"అయితే నిజంగా బాగైనట్టే."

మేడమ్ చెయ్యి చాపి, ఆ తెరని మళ్ళీ బాబాయి వైపు జాగ్రత్తగా తిప్పి పెట్టింది. వెంటనే బయల్దేరింది. నేనే ఉండబట్టలేక వెనకాల నుంచి అడిగాను.

"మేడమ్, మరి ఆ గోడ మిషన్ సంగతి?"

ఆవిడ ఆగలేదు, వెనక్కి తిరగలేదు. నడుస్తూనే చూపుడువేలు పైకెత్తి గాల్లో ఓ సున్నా చుట్టింది.

"తిరుగుతోంది."